ముక్కులో నూనె: శాస్త్రం చెప్పిన బిందువు, మనం పోసే ధార

బాలింత ఉన్న ఇంట ఉదయంపూట కనిపించే దృశ్యం మన తెలుగువారికి కొత్తది కాదు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపిన పెద్దామె, ఆ కాళ్ళ మీద పసిబిడ్డ, పక్కన సున్నిపిండి, వేడినీళ్ళ గంగాళం, ఉగ్గుగిన్నెలో గోరువెచ్చని నూనె. ఒళ్ళంతా నూనె పట్టించి, మాడున అద్ది, నలుగు పెట్టి, నీళ్ళు పోసిన తరువాత బిడ్డను వెల్లకిలా తిప్పి చెవుల్లో నాలుగు చుక్కలు, ముక్కుల్లో నాలుగు చుక్కలు వేసి, చివరకు ముక్కులోకి గట్టిగా ఊదడంతో ఆ తతంగం ముగుస్తుంది. బిడ్డ తుమ్ముతుంది. "అదుగో, గళ్ళ కదిలింది" అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

ఈ తతంగంలో నలుగును నేను కాదనను. నూనె మర్దనను అసలే కాదనను. ముక్కులో నూనె వేయడాన్ని, ఊదడాన్ని మాత్రం పూర్తిగా మానివేయాలని ఈ వ్యాసంలో కోరదలచాను. ఆయుర్వేద వైద్యుడే ఆయుర్వేద పత్రికలో ఇట్లా రాయడం కొందరు పాఠకులకు కష్టం కలిగించవచ్చు. "నస్యం మన శాస్త్రంలోనిదే కదా, అణుతైలం గురించి ఈ పేజీలలోనే చదివాము కదా" అని వారు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం చెప్పాలంటే ముందు ముక్కు నుండి గొంతు వరకు గాలి నడిచే దారి ఎటువంటిదో చూడాలి. ఆ దారి తెలియకుండా అందులో ఏదో ఒకటి పోయడమే మన ఇళ్ళలో జరుగుతున్న పొరపాటు.

ముక్కు అనగానే మనకు తోచేది ముఖం మీద కనిపించే కొమ్ము. నిజానికి అది వాకిలి మాత్రమే. ఇల్లంతా లోపల ఉన్నది. నాసారంధ్రాల నుండి వెనుకకు, అంగిలికి పైభాగాన, దాదాపు చెవుల దాకా సాగే గుహ అది. మధ్యన ముక్కుదూలం గోడలా నిలిచి ఆ గుహను రెండు గదులుగా విడదీస్తుంది. ఒక్కొక్క గది బయటి గోడ నుండి మూడేసి ఎముకల మడతలు లోపలికి వంగి ఉంటాయి. వాటిపైన రక్తనాళాలతో నిండిన మెత్తని పొర ఉంటుంది. (నా వద్దకు వచ్చేవారిలో చాలామంది "ముక్కులో కండ పెరిగిందండీ" అంటారు. కొందరికి నిజంగానే పెరిగి ఉంటుంది. అనేకులకు మాత్రం పుట్టుకతో ఉన్న ఈ మడతే జలుబుకు వాచి, అద్దంలో కనిపించి భయపెడుతుంది.) పీల్చిన గాలి ఈ మడతల సందుల గుండా మెలికలు తిరిగి పోవాలి. ఆ కొద్ది క్షణాలలోనే చల్లని గాలి వెచ్చబడుతుంది, పొడిగాలి తడిసిపోతుంది, దుమ్ము జిగురుకు అంటుకుంటుంది. డిసెంబరు తెల్లవారుజామున ఆరుబయట పీల్చిన గాలి సైతం గొంతు దాటి వాయునాళంలోకి దిగేసరికి ఇంచుమించు మన ఒంటి వేడికి చేరుతుంది. రోజుకు సుమారు 20,000 సార్లు ఊపిరి పీల్చే మనిషికి ఈ పని ఎంత పెద్దదో ఊహించండి. నోటికి ఈ విద్య ముక్కుతో సమంగా రాదు. అందుకే నోటితో ఊపిరి పీల్చి నిద్రించినవారు ఎండిన గొంతుతో లేస్తారు.

ఇక జిగురు సంగతి. చీమిడి అంటే మనకు అసహ్యం. కాని ముక్కు లోపలి గోడలను పలుచని పొరగా కప్పి ఉండే ఆ శ్లేష్మమే ఇంటి కావలివాడు. శరీరానికి తడిని, పట్టును, బలాన్ని ఇచ్చేది ప్రకృతిస్థమైన కఫమేనని మన ఆచార్యులు ఊరికే చెప్పలేదు. ఆ పొర నిలిచి ఉండదు, నడుస్తుంది. దాని అడుగున కంటికి కనిపించని సన్నని నూగు, అంటే శైలికలు, క్షణానికి పది సార్లకు తగ్గకుండా కదులుతూ జిగురును వెనుకకు, గొంతు వైపుకు నెడుతూ ఉంటాయి. ముక్కు ముందుభాగంలో అంటుకున్న దుమ్ము పది, ఇరవై నిమిషాలలో గొంతులోకి చేరుతుంది, మనకు తెలియకుండానే మింగుతాము. ముక్కు వైద్యులు దీనిని పరీక్షించే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. శాకరిన్ నలుసు ఒకటి ముక్కులోపల ఉంచి, ఎంతసేపటికి గొంతులో తీపి తెలుస్తుందో గడియారం చూస్తారు. ఈ నూగు నడవాలంటే పలుచని తడి కావాలి. నూనె దాని మీద బరువుగా పరుచుకుంటే ఆ నడక మందగిస్తుంది. గళ్ళను కదిలిస్తుందని మనం వేసే నూనెకు గళ్ళను కదిలించే యంత్రాన్నే మందగింపజేసే గుణం ఉండటం విచిత్రం.

మరొక సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. ఆరోగ్యవంతుడికి కూడా రెండు ముక్కులూ ఎల్లవేళలా సమానంగా ఆడవు. కొన్ని గంటలు ఒకటి, కొన్ని గంటలు మరొకటి ఎక్కువగా ఆడుతుంది. మన స్వరశాస్త్రం ఇడ, పింగళ అని దీనిని ఎప్పుడో గుర్తించింది. పాశ్చాత్య వైద్యంలో 1895లో కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీనిని వర్ణించాడు. లోపలి మడతల పైపొర ఒకవైపు ఉబ్బుతూ, ఒకవైపు తగ్గుతూ ఉండటమే దీనికి కారణం. ఒక ముక్కు మూసుకున్నదని కంగారుపడి మందుల దుకాణం నుండి చుక్కల మందు తెచ్చి వేసుకునేవారు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. ఆ చుక్కలు నాలుగైదు రోజులు మించి వాడితే, మందు ఆపగానే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుంటుంది. ఆ చుక్కలకు బానిసలై ఏళ్ళ తరబడి సీసా జేబులో పెట్టుకుని తిరిగేవారిని నేను ఎరుగుదును.

ముక్కు వెనుక గొంతు. అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే. ముక్కు నుండి వచ్చే గాలిదారి, నోటి నుండి వచ్చే అన్నందారి గొంతులో ఒకదానినొకటి దాటుకుంటాయి. గాలి వెనుక నుండి వచ్చి ముందున్న వాయునాళంలోకి పోవాలి. అన్నం ముందు నుండి వచ్చి వెనుకనున్న అన్నవాహికలోకి పోవాలి. రోడ్డు, రైలుపట్టా కలిసే చోట గేటు ఉన్నట్లే ఇక్కడా గేటు ఉన్నది. ముద్ద మింగేటప్పుడు కొండనాలుకతో కూడిన మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. స్వరపేటిక పైకి లేస్తుంది. దానిపైనున్న ఆకువంటి మూత వాలుతుంది. స్వరతంత్రులు దగ్గరకు చేరి తలుపు వేస్తాయి. ఆ క్షణం ఊపిరి ఆగుతుంది. (ఆ మూతకు నేటి పాఠ్యపుస్తకాలు ఉపజిహ్విక అని పేరు పెట్టాయి. సుశ్రుతంలో ఉపజిహ్విక అనేది ఒక వ్యాధి. పేర్లు కలిసినంత మాత్రాన విషయం ఒకటి కాదని విద్యార్థులు గుర్తించాలి.) పొరపాటున నీటిబొట్టు ఒకటి గాలిదారిలోకి జారితే దగ్గు వస్తుంది. మనం పొలమారడం అంటాము. ఎవరో తలుచుకుంటున్నారని తలమీద తడతాము. ఆ దగ్గే గేటు దగ్గరి గంట.

నూనె ఆ గంటను మోగించదు. అది మృదువు, స్నిగ్ధం. గొంతును గిల్లదు, మండించదు. నీటిలా చురుక్కుమనదు. నిశ్శబ్దంగా తలుపు సందులోంచి జారి, వాయునాళం గుండా ఊపిరితిత్తులకు దిగుతుంది. ఏ గుణం వల్ల నూనె చర్మానికి, కీళ్ళకు మేలు చేస్తుందో, ఆ గుణం వల్లనే గొంతు దాటిన నూనె ఊపిరితిత్తికి శత్రువు అవుతుంది. అక్కడి రక్షకకణాలు దానిని మింగుతాయి గాని తేలికగా అరిగించలేవు. నెమ్ముగా, దగ్గుగా, ఆయాసంగా అది బయటపడుతుంది. ఈ నూనె న్యుమోనియాను 1925లోనే లాఫ్లెన్ అనే వైద్యుడు వర్ణించాడు. అక్కడా కారణం ముక్కులోను, గొంతులోను వేసిన నూనె మందులే. కనుక ఇది మన దేశపు అమ్మమ్మల తప్పు మాత్రమే అనుకోనవసరం లేదు.

పసివారి సంగతి పెద్దవారికి భిన్నమైనది. మొదటి నెలల్లో శిశువు దాదాపుగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది. పెద్దవారి స్వరపేటిక మెడ ఎముకలలో ఐదు, ఆరింటికి ఎదురుగా ఉంటే, శిశువుకు అది మూడు, నాలుగింటికి ఎదురుగా, చాలా ఎత్తున ఉంటుంది. దానిమీది మూత దాదాపు అంగిలిని తాకుతూ ఉంటుంది. పాలు కుడుస్తూనే ముక్కుతో ఊపిరి తీసుకునే వెసులుబాటు కోసం ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. కనుక ముక్కు మూసుకుపోతే బిడ్డ రెండు గుక్కలు తాగి, రొమ్ము వదిలి ఏడుస్తుంది. అది చూసి పెద్దామె నూనె గిన్నె అందుకుంటుంది. ఆమె గమనించినది నిజమే. చేసిన ఉపాయమే తప్పు. వెల్లకిలా పడుకున్న బిడ్డ ముక్కులో వేసిన నూనె ఆ ఇరుకు దారిన తిన్నగా స్వరపేటిక అంచుకే చేరుతుంది. ఆ సమయానికి బిడ్డ ఏడుస్తూ ఉంటుంది. ఏడుపు చివర పెద్ద ఊపిరి ఒకటి లోనికి లాగుతుంది. ఆపైన మనం ఊదుతాము కూడా! దగ్గి బయటకు నెట్టే బలమూ పసివారికి తక్కువే. పైగా ముక్కు వెనుకనుండి చెవికి పోయే గొట్టం పసివారికి పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. అందువల్ల ముక్కులో ఊదినది చెవికి కూడా పాకవచ్చు.

ఇప్పుడు శాస్త్రం ఏమన్నదో చూద్దాము. ముక్కు శిరస్సుకు ద్వారమని వాగ్భటాచార్యుడు చెప్పిన మాట మన పాఠకులకు సుపరిచితం. ఆ మాటను గోడమీద రాసుకునేవారు అదే అధ్యాయంలోని మిగిలిన మాటలను చదవరు. అష్టాంగహృదయం సూత్రస్థానంలో, నస్యవిధిలో ఆయన ఏడేళ్ళ లోపు వారికి, ఎనభై ఏళ్ళు దాటినవారికి నస్యం కూడదన్నాడు. కొత్తగా పడిశం పట్టినవారికి కూడదన్నాడు. దగ్గు ఉన్నవారికి, ఆయాసం ఉన్నవారికి, బాలింతకు, అప్పుడే భోజనం చేసినవారికి, తలస్నానం చేసినవారికి కూడదన్నాడు. మన ఇళ్ళలో ముక్కులో నూనె ఎప్పుడు వేస్తున్నాము? ఏడేళ్ళ లోపు బిడ్డకు, పడిశం పట్టిన రోజున, దగ్గుతూ ఉండగా, తలకు నీళ్ళు పోసిన వెంటనే. ఆచార్యుడు వద్దన్న నాలుగు సందర్భాలను ఏరి కూర్చినట్లుగా మన ఆచారం తయారైనది. దీనిని ఆయుర్వేదం అనడం ఆయుర్వేదానికే అపచారం.

పండితులైన పాఠకులు ఇక్కడ ఆక్షేపించగలరు. అదే ఆచార్యుడు ప్రతిమర్శ నస్యాన్ని పుట్టుక మొదలు మరణం వరకు మేలైనదిగా చెప్పాడు కదా అని. నిజమే, చెప్పాడు. నేను దాచను. కాని ఆ ప్రతిమర్శ మోతాదు ఎంత? రెండు బిందువులు. బిందువు అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పాడు. చూపుడువేలు రెండు కణుపుల వరకు తైలంలో ముంచి తీస్తే జారిపడే చుక్క. పెద్దవారికి ఇచ్చే మర్శ నస్యానికే పది, ఎనిమిది, ఆరు బిందువులని మూడు మోతాదులు ఏర్పరచాడు. అంత ఖచ్చితంగా కొలిచిన మనిషి ఉగ్గుగిన్నె ముక్కు నుండి ధారను ఒప్పుకునేవాడా? దూదిని నూనెలో ముంచి పిండేవారున్నారు. ఎన్ని చుక్కలు పడ్డాయో పిండిన చేతికే తెలియదు. పైగా పెద్దవాడి వేలి నుండి జారే బిందువు నేటి సీసాల డ్రాపరు చుక్కకంటే పెద్దది. మూడు కిలోల శిశువు ముక్కుకు అటువంటివి రెండు కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. ఏడేళ్ళ లోపు నస్యం వద్దన్న వాక్యం పసివాడి ముక్కును ఆచార్యుడు ఎంత జాగ్రత్తగా చూశాడో తెలుపుతున్నది. ఆ జాగ్రత్తనే ప్రతిమర్శకు కూడా విస్తరించి, శిశువుల విషయంలో దానినీ మానుకొమ్మంటున్నాను. ఊపిరితిత్తిలో చేరిన నూనెను ఫొటో తీసి చూడగల సౌకర్యం వాగ్భటుని కాలంలో లేదు. మనకు ఉన్నది. ఉన్న తరువాత కూడా చూడనట్లు నటించడం గురుభక్తి కాదు.

నేను గురుకులంలో ఉన్న రోజులలో నస్యపాఠం వచ్చినప్పుడు మా గురువుగారు మమ్మల్ని శ్లోకాలు వల్లెవేయించి ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ చాప మీద పడుకోబెట్టి, తల కొంచెం వాల్చి, మా వేలితోనే కొలిచిన నువ్వులనూనె మా ముక్కులో వేశారు. కొద్దిసేపటికి గొంతులో జిడ్డు తగిలింది. "ఎక్కడికి వచ్చింది?" అని అడిగారు. "గొంతులోకండీ" అన్నాను. "మింగకు. లేచి ఉమ్మిరా" అన్నారు. ఉమ్మి వచ్చిన తరువాత ఆయన అడిగిన ప్రశ్న నాకు ఈనాటికీ వినబడుతుంది: "ఉయ్యాలలోని బిడ్డకు ఉమ్మడం వచ్చునా నాయనా?" నస్యం తరువాత గొంతులోకి దిగిన ఔషధాన్ని అటూ ఇటూ తిరిగి పూర్తిగా ఉమ్మివేయాలన్న విధి ఎందుకున్నదో ఆ ఒక్క ప్రశ్నతో బోధపడింది.

బోధపడిన నేనే తరువాత మరచిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. సుమారు ముప్పై ఏళ్ళనాటి మాట. మా వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ, కూతురు పురిటికి వచ్చిన సందర్భంలో నన్ను అడిగింది: "ఆచార్యులుగారూ, పిల్లవాడికి ముక్కులో నూనె వెయ్యమంటారా? మా అల్లుడుగారు వద్దంటున్నారు." నేను ఏదో పనిలో ఉండి, "రెండు చుక్కలైతే ఏమవుతుందమ్మా, మన పెద్దలు వెయ్యలేదా?" అన్నాను. ఆ మాట వైద్యుని నోటి నుండి వచ్చింది గనుక అల్లుడు నోరు మూసుకున్నాడు. మూడు నెలలు గడిచాక ఆ బిడ్డను నా వద్దకే తెచ్చారు. దగ్గు, ఎగశ్వాస, పాలు సరిగా తాగకపోవడం. పాల ఉబ్బసమని తలచాను. కఫహరమైన మందులు పది రోజులు ఇచ్చాను. తగ్గలేదు. పదకొండో రోజున డొక్కలెగరేస్తున్నాడని తెల్లవారకముందే తలుపు తట్టారు. వెంటనే పట్నంలోని పిల్లల వైద్యుని వద్దకు తీసుకుపొమ్మని, నేనూ వెంట వెళ్ళాను.

ఆయన చిన్నవాడు. ఫొటో తీయించి, రెండు ఊపిరితిత్తులలోనూ మచ్చలు చూపించి, పెద్దావిడ వైపు తిరిగి, "అమ్మమ్మగారూ, ముక్కులో ఏమైనా పోస్తున్నారా?" అని అడిగాడు. నేను పది రోజులలో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. ఆవిడ నా వైపు చూసింది. "అయ్యగారు వెయ్యమన్నారు బాబూ" అనలేదు. "రోజూ వేస్తున్నాం బాబూ, తప్పా?" అని మాత్రం అన్నది. ఆ సంస్కారానికి నేను తల వంచుకున్నాను. నేనే చెప్పానని ఆ వైద్యునికి చెప్పాను. నూనె ఆపించి, ప్రాణవాయువు పెట్టి, ఆసుపత్రిలో రెండు వారాలకు పైగా ఉంచారు. బిడ్డ దక్కాడు. ఫొటోలో మచ్చలు పూర్తిగా పోవడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. నాటి నుండి నా వద్దకు దగ్గుతో వచ్చిన ప్రతి పసిబిడ్డ తల్లినీ ముందుగా అడిగేది ఆ ప్రశ్నే. "అవునండీ" అన్న జవాబు నేను మొదట ఊహించినదానికంటే ఎక్కువసార్లు వస్తున్నది.

"మా అమ్మమ్మ నాకు వేసింది, నేను బతకలేదా?" అనే వాదం ఒకటి ఉన్నది. బతికినవారే కదా ఆ వాదం చేయగలిగేది. పూర్వం నెలల బిడ్డలు ఆయాసంతో పోతే గాలి సోకిందన్నారు, దిష్టి తగిలిందన్నారు, బాలగ్రహమన్నారు. వారిలో ఎందరు ఉగ్గుగిన్నె వల్ల పోయారో ఎవరు లెక్కపెట్టారు? నూనె వేసిన ప్రతి బిడ్డకూ నెమ్ము రాదు. అది నిజం. రాని బిడ్డలను చూసి ఆచారం నిలిచింది. వచ్చిన బిడ్డలకు మరొక పేరు పెట్టాము.

ఏ నూనె అయితే మంచిదని మరికొందరు అడుగుతారు. ఆముదమైనా, నువ్వులనూనె అయినా, కొబ్బరినూనె అయినా, ఆవునెయ్యి అయినా పసివారి ముక్కుకు ఒకటే జవాబు. పరిమళం కలిపి సీసాలలో అమ్మే బేబీ ఆయిళ్ళు చాలామట్టుకు ఖనిజతైలాలు. అవి దగ్గును ఇంకా తక్కువ రప్పిస్తాయి, ఊపిరితిత్తిలో అసలే అరగవు. ముక్కు మూసి, నోరు తెరిపించి ఆముదం పోయడం కూడా ఇటువంటి ప్రమాదమే. ముక్కు మూస్తే బిడ్డ ఊపిరి కోసం నోరు తెరుస్తుంది. ఆ ఊపిరితోపాటే ఆముదం లోపలికి పోతుంది. కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు కలిపిన ద్రవాలు పెద్దలకు ఇంట్లో ఉండదగినవే గాని, శిశువు ముక్కు దగ్గర రాయకూడదు. ఆ ఘాటుకు గొంతు బిగిసి ఊపిరి ఆగే ప్రమాదమున్నది. కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛలు రావచ్చు. తలుపులు మూసి పట్టే సాంబ్రాణి పొగ కూడా పైన చెప్పిన నూగుకు హితం కాదు. జుట్టు ఆరడానికి మెత్తని పొడిబట్ట చాలు.

మరి ముక్కు దిబ్బడకు ఏమి చేయాలి? మందుల దుకాణంలో దొరికే ఉప్పునీటి చుక్కలు, మందు కలపనివి, పాలు పట్టడానికి కొంచెం ముందు ఒక్కొక్క ముక్కులో ఒకటి రెండు వేసి, కదిలిన చీమిడిని మెత్తని బట్టవత్తితో ముక్కు అంచున తుడవాలి. వత్తిని లోపలికి దూర్చకూడదు. ఉప్పునీరు జిగురును పలుచన చేస్తుంది, పొరపాటున గొంతులోకి జారినా కొద్దిపాటి కనుక హాని ఉండదు. తల్లిపాలు ఆపకూడదు, కొద్దికొద్దిగా తరచుగా పట్టాలి. ఆవిరిగిన్నె బిడ్డ దగ్గరకు తేవద్దు. ఆవిరి వల్ల కలిగే మేలుకంటే, కాలిన ఒళ్ళతో వచ్చిన పిల్లలను నేను ఎక్కువ చూశాను.

పెద్దవారు నస్యం మానవలసిన పని లేదు. నేను స్వయంగా చేసుకుంటాను. అయితే ఉదయం, ఖాళీ కడుపున, పడిశం లేని రోజున, గోరువెచ్చని తైలం, కొలత ప్రకారం, వైద్యుని సలహాతో వేసుకోవాలి. వంద లెక్కపెట్టేంతసేపు వెల్లకిలా ఉండి, గొంతులోకి వచ్చినది ఉమ్మి, గోరువెచ్చని నీటితో పుక్కిలించాలి. రాత్రి పడక మీద చేరి నూనె వేసుకుని అట్లాగే నిద్రపోయే అలవాటు వృద్ధులలో కనిపిస్తున్నది. పసివారికి చెప్పిన ప్రమాదమే వారికీ వర్తిస్తుంది. నిద్రలో గంట మోగినా లేచేవారు లేరు. ఎనభై దాటినవారిని వాగ్భటుడు ఎందుకు మినహాయించాడో ఆలోచించండి.

జలనేతి చేసేవారికి ఒక హెచ్చరిక. ముక్కు పైకప్పున, వాసన నరాలు జల్లెడ వంటి పలుచని ఎముక గుండా మెదడుకు పోతాయి. శిరస్సుకు ద్వారమన్న మాట అక్కడ అక్షరాలా నిజం. ఆ దారినే ఒక రకం అమీబా మెదడులోకి చేరగలదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కుళాయినీటితో నేతి చేసిన ఇద్దరు దీనివల్ల మరణించారు. 2024లో, 2025లో కేరళలో అనేకులు ఈ వ్యాధి పాలైనారు. కనుక నేతికి కాచి చల్లార్చిన నీరు తప్ప మరొకటి వాడకూడదు.

చివరగా, బిడ్డ ఊపిరిని లెక్కపెట్టడం ప్రతి ఇంటా ఒకరికైనా రావాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట పైకి లేవడాన్ని పూర్తిగా ఒక నిమిషం గడియారం చూసి లెక్కించండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకుమించి, రెండు నెలల నుండి ఏడాది లోపు 50 లేదా అంతకుమించి, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు 40 లేదా అంతకుమించి ఊపిరులుంటే, డొక్కలు లోపలికి పోతూ ఉంటే, పెదవులు నీలంగా మారితే, పాలు తాగడం మానివేస్తే, ఏ చిట్కా కోసమూ పుస్తకం తిరగవేయవద్దు. నా వంటివాని గుమ్మం ఎక్కవద్దు. తిన్నగా పిల్లల ఆసుపత్రికి వెళ్ళండి. ముక్కులో ఏమి వేశారో, ఎన్నాళ్ళు వేశారో అక్కడి వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి.